ఇంటికెళ్ళే దారిలో గంట నడక: బొజ్జన్నకొండ, ఎర్రమట్టి దిబ్బలు, రామతీర్థం, శాలిహుండంలో మీకు ఏది?

హైదరాబాద్ నుంచి శ్రీకాకుళానికి కారులో రావడమంటే ఏడొందల కిలోమీటర్లు దాటిన పని. విజయవాడ దాకా కబుర్లు, రాజమండ్రి దాకా పాటలు, తుని దాటాక నడుము నొప్పులు. అప్పటికి వెనక సీట్లో పిల్లలు "ఇంకెంతసేపు" అని అడగడం కూడా మానేసి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కొట్టుకుంటూ ఉంటారు. ఆ స్థితిలో దాబా దగ్గర ఆగి ఇంకో టీ తాగేకన్నా, ఎక్కడో ఒకచోట కారు పక్కకి తీసి కాళ్ళకి ఓ గంట పని చెప్పడం మేలు. ఉత్తరాంధ్రలో అలాంటి చోట్లకి కొదవ లేదు. మన ఊరి దారిలోనే ఉన్నాయి కాబట్టి మనమే ఎప్పుడూ ఆగం.

ఇక్కడ నాలుగింటిని పోలుస్తున్నాను. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ, భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు, విజయనగరం దగ్గర రామతీర్థం కొండలు, శ్రీకాకుళం దగ్గర శాలిహుండం. నాలుగూ గంట, గంటన్నరలో తేలిపోయే నడకలే. బొజ్జన్నకొండ గుహల్ని మినహాయిస్తే ఎక్కడా పెద్దగా నీడ ఉండదు. అందుకే వీటిని అడవిలో ట్రెక్కింగ్ లెక్కన కాకుండా ఎడారి నడక లెక్కన చూడాలి. నీళ్ళు మనమే మోసుకెళ్ళాలి, చెట్టు కింద కూర్చోవచ్చులే అనుకోకూడదు, వెళ్ళే వేళ ఎండని బట్టి పెట్టుకోవాలి.

"వీటిలో ఏది బాగుంటుంది?" అని ఎవరైనా అడిగితే నేను ముందు "అక్కడికి ఎన్నింటికి చేరతారు?" అని అడుగుతాను. తర్వాత "కారులో ఎవరెవరున్నారు?" అని. అందచందాల సంగతి ఆ తర్వాతే.

ముందు గడియారం

మనవాళ్ళు హైదరాబాద్ నుంచి రెండు రకాలుగా బయల్దేరతారు. రాత్రి భోజనాలు చేసి తొమ్మిదీ పదింటికి బండి తీసేవాళ్ళు అనకాపల్లి చేరేసరికి ఉదయం ఏడూ ఎనిమిది అవుతుంది. తెల్లారగట్ల నాలుగూ ఐదింటికి బయల్దేరేవాళ్ళకి అక్కడ మధ్యాహ్నం మూడూ నాలుగూ. విజయవాడ నుంచి పొద్దున్నే టిఫిన్ కట్టుకుని వచ్చేవాళ్ళు మాత్రం సరిగ్గా మిట్టమధ్యాహ్నానికి, అంటే ఏ కొండకీ పనికిరాని వేళకి అక్కడుంటారు. వాళ్ళు అనకాపల్లి దగ్గర ఆగకుండా ముందుకొచ్చేసి, తగరపువలస దగ్గర భోజనం చేసి, ఎండ తగ్గాక ఎర్రమట్టి దిబ్బలనో రామతీర్థాన్నో చూసుకోవడం నయం.

చాలామంది లెక్కలోకి తీసుకోని సంగతి ఇంకోటి ఉంది. శ్రీకాకుళం హైదరాబాద్‌కి అయిదు డిగ్రీలకి పైగా తూర్పున ఉంది. గడియారం ఒకటే అయినా, ఇక్కడ పొద్దు దాదాపు 20 నిమిషాలు ముందు పొడుస్తుంది, ముందే కుంగుతుంది. సంక్రాంతి రోజుల్లో హైదరాబాద్‌లో ఆరింటిదాకా వెలుగుంటుంది కదా అన్న అలవాటుతో అయిదింటికి కొండెక్కడం మొదలుపెడితే, 5.40కల్లా సూర్యుడు దిగిపోతాడు. ఫోన్ లైట్లు పట్టుకుని మెట్లు దిగాల్సి వస్తుంది. చలికాలంలో నాలుగింటికి నడక మొదలవ్వాలి, అంతే. మే నెలలో తంతు వేరు. అయిదున్నర కాకుండానే పొద్దు పొడుస్తుంది, ఎనిమిదిన్నరకి ఎండ మాడ్చేస్తుంది, సాయంత్రం ఆరున్నర దాకా వెలుగుంటుంది.

బండి నడిపే మనిషి గురించి ఓ మాట. రాత్రంతా స్టీరింగ్ పట్టుకున్నాయన్ని కూడా "రండి, ఒళ్ళు తేలికపడుతుంది" అని కొండెక్కించకండి. నిజంగానే తేలికపడినట్టు ఉంటుంది, అరగంట తర్వాత హైవే మీద కళ్ళు మూతలు పడతాయి. నిద్రకి నిద్రే మందు. చెట్టు నీడన కారు పెట్టి, అద్దాలు కాస్త దించి, సీటు వెనక్కి వాల్చుకుని ఓ ఇరవై నిమిషాలు పడుకోమనండి. మిగతావాళ్ళు నడిచి రండి. పండక్కి వెళ్తున్న కారులో కొత్త బట్టలు, ఒంటి మీద పెట్టుకోని నగలు, అత్తగారికి కొన్న మిక్సీ అన్నీ ఉంటాయి కాబట్టి లోపల ఓ మనిషి ఉండటం అన్ని రకాలా మంచిదే.

బొజ్జన్నకొండ: త్వరగా తేలిపోయేది

నాలుగింటిలో హైవేకి అతి తక్కువ మళ్ళింపు ఇదే. అనకాపల్లి ఊరికి రెండు మూడు కిలోమీటర్లలో శంకరం అనే పల్లె, పొలాల మధ్య రెండు కొండలు. తూర్పుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలకొండ. మెట్లెక్కితే కొండరాతిని తొలిచిన బౌద్ధ గుహలు వస్తాయి. పెద్ద గుహలో పదహారు స్తంభాలు చెక్కారు, వాటిలో కొన్ని విరిగిపోయాయి. మధ్యలో అదే రాతిలో తీర్చిన స్తూపం, దాని చుట్టూ తిరగడానికి చోటు. బయట రాయి కాలుతున్నా లోపల కాలు పెట్టగానే ఒళ్ళు చల్లబడుతుంది. పిల్లలు గట్టిగా అరిచి ప్రతిధ్వని వస్తుందేమో చూస్తారు, చూడనివ్వండి. లింగాలకొండ మీద అయితే గుహలు కాదు, రాతి గుట్టనే వరసలు వరసలుగా చిన్నా పెద్దా స్తూపాలుగా చెక్కేశారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది.

కనుమ రోజున చుట్టుపక్కల ఊళ్ళ జనం ఇక్కడ తీర్థంలా చేరతారు. ఒకప్పుడు ఆ రోజున ఇక్కడి బుద్ధుడి బొమ్మని బొజ్జన్న అనే రాక్షసుడిగా తలచి రాళ్ళు రువ్వే ఆచారం ఉండేది. దాన్ని మాన్పించడానికి చరిత్ర తెలిసినవాళ్ళు చాలా కష్టపడాల్సి వచ్చింది. పండగ అయ్యాక కనుమ నాడే తిరుగు ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు ఆ రద్దీని దృష్టిలో పెట్టుకోండి.

లోటేమిటంటే, మెట్లు కాస్త నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఎక్కేస్తారు గానీ దిగేటప్పుడు తిట్టుకుంటారు. పైగా ఇది నడక అనిపించుకోదు, ఎక్కి దిగడం మాత్రమే. రెండు కొండలూ కలిపినా గంటకి మించదు. రాత్రి ప్రయాణం చేసి ఉదయాన్నే దిగినవాళ్ళకి అదే కావాలి కాబట్టి వాళ్ళకి నా ఓటు దీనికే.

ఒక్క జాగ్రత్త. అనకాపల్లి దాటగానే ఆరు వరసల రోడ్డు సబ్బవరం, పెందుర్తి మీదుగా మిమ్మల్ని ఆనందపురం దాకా తోసుకుపోతుంది. అదెక్కేశాక వెనక్కి తిప్పుదామంటే కారులో ఒక్కరూ ఒప్పుకోరు. ఆగాలో వద్దో ముందే తేల్చుకోండి. ఎలాగూ మాడుగుల హల్వాకో బెల్లానికో అనకాపల్లిలో ఆగే అలవాటుంటే ఇక ఆలోచించే పనే లేదు.

ఎర్రమట్టి దిబ్బలు: మన తీరంలో ఎడారి

ఇసుక మీద నడవాలి, చుట్టూ ఎర్రగా ఏమీ లేని నేల కనిపించాలి అంటే ఈ దారి మొత్తానికి ఇదొక్కటే. తగరపువలస దగ్గర హైవే దిగి, చిట్టివలస మీదుగా భీమిలి చేరి, అక్కణ్ణుంచి బీచ్ రోడ్డులో విశాఖ వైపు కాస్త వెనక్కి రావాలి. మొత్తం పది పన్నెండు కిలోమీటర్ల మళ్ళింపు. విశాఖలో చుట్టాలింట్లో ఆగి బీచ్ రోడ్డు మీదుగా వచ్చేవాళ్ళకైతే దారిలోనే.

నిజానికి ఇది ఎడారి కాదు. ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడే తీరం. అయితే ఈ దిబ్బలు పుట్టిన తీరు మాత్రం ఎడారి దిబ్బల తీరే. దాదాపు 18 నుంచి 20 వేల ఏళ్ళ కిందట, ఆఖరి మంచుయుగంలో నీళ్ళన్నీ మంచుగా గడ్డకట్టడం వల్ల సముద్రమట్టం ఇప్పటికన్నా వంద మీటర్లకి పైగా కిందకి దిగిపోయింది. నీళ్ళు వెనక్కి తగ్గి బయటపడిన ఇసుకని గాలి ఎత్తుకొచ్చి ఇక్కడ పోగులు పెట్టింది. తర్వాత ఆ ఇసుకలోని ఇనుప ఖనిజాలు గాలికీ తేమకీ తుప్పు పట్టి రేణువు రేణువుకీ ఎర్ర పూత వేశాయి. ఆ తర్వాత వేల ఏళ్ళ వాన ఈ పోగుల్ని కోసి వాగులూ గట్లూ చేసింది. గాలి పోసింది, వాన కోసింది. దక్షిణాసియాలో ఇలాంటివి ఇవి కాక తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఉన్నాయి. 2014లో జియలాజికల్ సర్వే దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో తిరుమల కొండలతో పాటు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కింది. ఇంత చేసినా చుట్టూ భూముల మీద కన్నుపడుతూనే ఉంటుంది. దిబ్బల పక్కన నేల చదును చేసే పనుల మీద 2024లో పెద్ద గొడవే అయింది.

దూరం నుంచి చూస్తే జీడిమామిడి తుప్పలు, తాటిచెట్లు, మధ్యలో ఎర్ర నేల, ఇంతేనా అనిపిస్తుంది. గట్టు మీద నుంచే ఫోటో దిగి వెళ్ళిపోయేవాళ్ళు ఇక్కడే మోసపోతారు. కిందకి దిగాలి. వాగులోకి దిగిన మరుక్షణం సముద్రపు గాలి ఆగిపోతుంది. రెండు పక్కలా మనిషి ఎత్తు దాటిన గోడలు లేస్తాయి. వాటి మీద వాన గీసిన నిలువు చారలు కనిపిస్తాయి, పైనున్న తాటిచెట్ల వేళ్ళు గోడలోంచి బయటికి వేలాడుతుంటాయి. కింద నేల చూడండి. ఎర్ర ఇసుక మధ్యలో సన్నటి నల్ల గీతలు పారినట్టు ఉంటాయి. అవి ఇల్మనైట్‌లాంటి బరువైన ఖనిజాలు. వాననీళ్ళు తేలికపాటి ఇసుకని తోసుకుపోతే ఈ బరువైనవి వెనకబడి గీతల్లా మిగిలిపోతాయి. పిల్లలకి ఓ అయస్కాంతం ఇచ్చి ఆ నల్ల ఇసుకలో తిప్పమంటే అరగంట మీ జోలికి రారు.

ఇక దారి తప్పడం గురించి. ఇక్కడి వాగులన్నీ చేతివేళ్ళలా చీలి ఉంటాయి. నీళ్ళు పారే వైపు, అంటే పల్లానికి నడిస్తే పాయలన్నీ వచ్చి ఒకదాంట్లో కలిసిపోతాయి, తప్పిపోయే ప్రమాదం తక్కువ. ఎగువకి నడిస్తే ప్రతి మలుపులోనూ రెండు దారులవుతాయి, గోడలన్నీ ఒకేలా కనిపిస్తాయి. గట్టు మీద నుంచి పల్లానికి దిగి మళ్ళీ అదే దారిన ఎక్కి రావాలనుకునేవాళ్ళకే తిప్పలు. ప్రతి చీలిక దగ్గరా ఆగి వెనక్కి తిరిగి చూసుకోండి, కాలితో ఇసుకలో ఓ బాణం గుర్తు గీయండి. ఎంత దూరం వెళ్ళాలో టైమ్‌తోనే కొలవండి. ఇరవై అయిదు నిమిషాలు లోపలికి, అక్కణ్ణుంచి వెనక్కి. ఇసుకలో ఎక్కుతూ తిరిగి రావడానికి వెళ్ళినదానికన్నా ఎక్కువసేపు పడుతుంది.

గోడల కింద కూర్చోకండి, అది రాయి కాదు, వదులు మట్టి. వాన పడ్డ వారంలో అసలు ఆ పక్కకే వెళ్ళొద్దు. గట్ల అంచుల మీదికెక్కి సెల్ఫీలు దిగితే మీరు పడటం మాట అటుంచి, ఆ అంచు రాలిపోతుంది, అది మళ్ళీ పుట్టదు. పక్కనే నౌకాదళం వాళ్ళ ఐఎన్ఎస్ కళింగ ఉంది, కంచె కనిపిస్తే అటు పోకండి.

కార్తీక మాసం ఆదివారాల్లో పిక్నిక్ జనం, మామూలు సాయంత్రాల్లో పెళ్ళి ఫోటోల జంటలు, డ్రోన్ల మోత. ప్రశాంతంగా ఉండాలంటే మామూలు రోజు ఉదయం ఏడింటికి రావాలి. తూర్పు వెలుగు నేరుగా గోడల మీద పడి రంగు బాగా తేలేది కూడా అప్పుడే. పెద్దవాళ్ళకి మాత్రం నేను దీన్ని సిఫార్సు చేయను. మెత్తటి ఇసుకలో అడుగు దిగబడుతుంటే పదిహేను నిమిషాలకే పిక్కలు పట్టేస్తాయి. వాళ్ళు ఉన్నారంటే బీచ్ రోడ్డులోనే ఇంకాస్త విశాఖ వైపు వెళ్తే తొట్లకొండ ఉంది. కారు పైదాకా పోతుంది, పైన చదునుగా ఉన్న బౌద్ధారామం శిథిలాలు, ఎదురుగా సముద్రం. నడక తక్కువ, చూసేది ఎక్కువ.

రామతీర్థం: ఇంటిల్లిపాదీ ఒప్పుకునేది

విజయనగరానికి 12 కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల మండలంలో ఉంది. హైవే మీద వచ్చేవాళ్ళు నాతవలస దగ్గర విజయనగరం వైపు మళ్ళాలి. దీనికున్న గొప్ప సౌకర్యం భూగోళానికి సంబంధించింది కాదు, ఇంటి రాజకీయానికి సంబంధించింది. "కొండెక్కుదాం" అంటే వెనక సీట్లోంచి అమ్మ "ఏటిప్పుడు ఈ కొండలెక్కడం, ఇంటికెళ్ళిపోదాం" అంటుంది. "రాములవారి దర్శనం చేసుకుని పోదాం" అంటే ఆవిడే ముందు దిగుతుంది. పెద్దవాళ్ళు కింది గుడిలో కూర్చుంటారు, కుర్రవాళ్ళు కొండెక్కుతారు, గంటకి అందరూ కారు దగ్గర కలుసుకుంటారు.

కొండలు మూడు: బోధికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ. బోధికొండకి మెట్లున్నాయి. పైన కోదండరాముడి గుడి, రాతిలోనే నీటి గుంట. గుడిని 2022లో కొత్తగా కట్టారు. నడక రుచి ఉన్నవాళ్ళకి అసలు సరుకు గురుభక్తులకొండ. మెట్లు సరిగా ఉండని దారిలో ఎక్కితే, నిలువు రాతికి ఆనుకుని సన్నటి చదును మీద ఇటుకలతో కట్టిన స్తూపం, భిక్షువుల గదుల పునాదులు వరసగా వస్తాయి. ఇంత ఎత్తున ఇన్ని ఇటుకలు ఎవరు మోశారో అనిపిస్తుంది. ఈ కొండల మీద జైనుల విగ్రహాలూ ఉన్నాయి. ఒకే చోట బౌద్ధం, జైనం, రామాలయం. చరిత్ర పుస్తకంలో మూడు పాఠాలు ఇక్కడ గంటలో అయిపోతాయి.

ఇక్కడి ఇబ్బంది రాయి. ఇసుక సాయంత్రానికి త్వరగానే చల్లబడుతుంది, పెద్ద రాతిబండ అలా కాదు. పగలంతా పీల్చిన వేడిని పొద్దుకుంకాక కూడా వదులుతూనే ఉంటుంది. ఎండాకాలంలో సాయంత్రం అయిదింటికి మబ్బుపట్టి ఉన్నా అరికాళ్ళు చురుక్కుమంటాయి. పైన గుడి దగ్గర చెప్పులు విడవాలి కాబట్టి సంచిలో మేజోళ్ళు పెట్టుకోండి. వానాకాలంలో అదే బండ నాచుపట్టి జారుతుంది. అప్పుడు మెట్లున్న బోధికొండతో సరిపెట్టుకుని గురుభక్తులకొండ జోలికి పోవద్దు. శ్రీరామనవమి, భీష్మ ఏకాదశి రోజుల్లో కల్యాణాలకి జనం పోటెత్తుతారు. దర్శనం కోసమైతే రండి, నడక కోసమైతే వద్దు.

శాలిహుండం: అన్నిటికన్నా తేలిక, కానీ

శ్రీకాకుళం నుంచి సుమారు 18 కిలోమీటర్లు, గార మండలంలో, వంశధార దక్షిణపు ఒడ్డున. రాళ్ళు పరిచిన బాట మెల్లగా పైకి తీసుకెళ్తుంది. అటూ ఇటూ ఇటుకల స్తూపాలు, చైత్యాలు (బౌద్ధుల ప్రార్థన మందిరాలు). ఒక స్తూపం లోపల ఇటుకల్ని బండిచక్రం ఆకుల్లా పేర్చి కట్టారు. పైకప్పు లేదు కాబట్టి ఆ కట్టుబడి కళ్ళకి కనిపిస్తుంది. ఇక్కడ దొరికిన తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు చూస్తే ఈ చోటు వజ్రయానం, అంటే బౌద్ధంలోని తాంత్రిక శాఖ దాకా నడిచిందని తెలుస్తుంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారే 1919లో ఈ కొండని వెలుగులోకి తెచ్చారు. పైకెక్కితే కిందుగా వంశధార వెడల్పుగా మలుపు తిరిగి కళింగపట్నం దగ్గర సముద్రంలోకి పోవడం కనిపిస్తుంది. ఎక్కడం ఆయాసం కాదు. అరవై దాటినవాళ్ళు కూడా ఒకచోట కూర్చుని లేచి ఎక్కేయగలరు.

ఇంత మంచిదాన్ని ఇంటికెళ్ళే రోజు పెట్టుకోవద్దనే నా సలహా. కారణం కొండలో లేదు, మనలో ఉంది. అరసవల్లి ఆర్చి కనిపించాక, అమ్మ ఫోన్ చేసి "చేపల పులుసు దించేశాను, ఎక్కడిదాకా వచ్చారు" అని అడిగాక, ఎవరి కాళ్ళూ కొండవైపు పోవు. బలవంతంగా తీసుకెళ్ళినా ఫోన్లు చూసుకుంటూ తిరిగి వచ్చేస్తారు. ఇల్లు అరగంట దూరంలో ఉన్న ఏ చోటైనా ఇంతే. విజయనగరం వాళ్ళకి రామతీర్థం విషయంలో ఇదే వర్తిస్తుంది, కాకపోతే అక్కడ దేవుడి పూచీ కొంత కలిసొస్తుంది. శాలిహుండాన్ని పండగ వెళ్ళిన మర్నాడు సాయంత్రానికి ఉంచుకోండి. చుట్టాల పిల్లల్ని కూడా ఎక్కించుకుని, శాలిహుండం చూసి, కళింగపట్నం బీచ్‌లో లైట్‌హౌస్ దాకా తిరిగి రావచ్చు. దారి ప్రయాణానికి మాత్రం ఇంటికి కనీసం గంటన్నర దూరంలో ఉన్న చోటే ఎంచుకోండి. శ్రీకాకుళం వాళ్ళకి అంటే బొజ్జన్నకొండ లేదా దిబ్బలు. విజయనగరం వాళ్ళకి బొజ్జన్నకొండ ఒక్కటే నిజంగా దారిలో పడుతుంది.

భువనేశ్వర్, బరంపురం వైపు నుంచి వచ్చే విజయనగరం వాళ్ళకి లెక్క తిరగబడుతుంది. వాళ్ళకి శాలిహుండమే సరైన మజిలీ.

ఎండ, చెమట, నీళ్ళు

సోంపేట, కంచిలి వైపు ఇంటికొకరు చొప్పున గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్ళుంటారు. వాళ్ళ ముందు "ఎడారి నడకకి వెళ్తున్నాం" అంటే నవ్వుతారు, వాళ్ళకి అది సరదా కాదు, డ్యూటీ. అయినా వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. తలకీ మెడకీ కలిపి తడి తుండు చుట్టుకుంటారు, దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెం తాగుతారు, ఫుల్ చేతుల వదులు చొక్కా వేస్తారు.

మన తీరంలో ఒక తేడా ఉంది. నిజమైన ఎడారిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టగానే ఆరి ఒంటిని చల్లబరుస్తుంది. ఇక్కడ గాలిలోనే తేమ, చెమట ఆరదు, కారుతుంది. కాబట్టి థర్మామీటర్ మీద 36 డిగ్రీలే చూపించినా ఒళ్ళు ఇంకా ఎక్కువ కాగుతుంది. రాజస్థాన్ వెళ్ళొచ్చిన ధీమా ఇక్కడ పనికిరాదు. గంట నడకకి మనిషికో లీటరు నీళ్ళు పట్టుకెళ్ళండి, కారులో ఇంకో లీటరు ఉంచండి, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు సంచిలో పడేయండి. కూల్‌డ్రింక్ నీళ్ళ లెక్కలోకి రాదు. ఎవరికైనా తల తిరుగుతోందన్నా, వాంతి వస్తోందన్నా, చెమట పట్టడం ఆగిపోయి ఒళ్ళు కాలుతున్నా వెంటనే నీడకి చేర్చి, ఒంటి మీద నీళ్ళు చల్లి, గాలి తగిలేలా చేయండి. ఒళ్ళు అలా కాలిపోతున్నా, మాట తడబడుతున్నా అది వడదెబ్బ, 108కి ఫోన్ చేయండి. ఏప్రిల్, మే నెలల్లో తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన తాటి ముంజలు కనిపిస్తే ఆగండి, నాకు తెలిసి నడక తర్వాత వాటిని మించింది లేదు.

కడుపు నిండా ఇడ్లీ, వడ, పూరీ తిన్న వెంటనే మెట్లెక్కకండి. ముందు నడక, తర్వాత టిఫిన్. పిల్లలకి ఓ అరటిపండు చాలు. చెప్పుల సంగతికొస్తే, దిబ్బలకి వెనక పట్టీ ఉన్న శాండిల్స్, మిగతా మూడింటికీ బూట్లు. కారులో వేసుకున్న హవాయి చెప్పులతో మెట్లెక్కడం మీ ఇష్టం, దిగడం మాత్రం మీ చేతుల్లో ఉండదు.

ఇచ్ఛాపురం, పలాస వాళ్ళ సంగతి

ఇదంతా చదివి ఉద్దానం వాళ్ళు "మాకు శ్రీకాకుళం దాటాక ఇంకా బోలెడు దారుంది కదా" అంటారు. నిజమే, మీకు అసలు అలసట మొదలయ్యేదే అక్కడ. సాయంత్రం మూడున్నరకి శ్రీకాకుళం చేరగలిగితే మీకు శాలిహుండం చక్కగా సరిపోతుంది, ఇల్లు ఇంకా దూరమే కాబట్టి ఎవరూ గొణగరు. అంత మళ్ళింపు వద్దనుకుంటే టెక్కలి దగ్గర రెండున్నాయి. రావివలసలో గుడి పైకప్పు లేకుండా ఆరుబయట నిలబడ్డ ఎండల మల్లికార్జునుడు. నడక ఏమీ ఉండదు గానీ, అంత ఎత్తు లింగం చూడటానికి తల వెనక్కి వాల్చినప్పుడు ఇంత దూరం ప్రయాణంలో బిగుసుకున్న మెడ మాత్రం వదులవుతుంది. అక్టోబర్ నుంచి మార్చి మధ్యలో వస్తే తేలినీలాపురం. ఊరి చింతచెట్ల మీదే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుని ఉంటాయి. నీడలో, నేల మీద, పిల్లల్ని వెంటబెట్టుకుని అరగంట తిరగొచ్చు.

మందస వైపు వాళ్ళు కొందరు "మహేంద్రగిరి ఎక్కేద్దామా" అని ఉత్సాహపడతారు. అది 1,501 మీటర్ల కొండ, ఒడిశాలో ఉంది. దానికి విడిగా ఓ రోజు, విడిగా ఓ బండి, ఇంట్లో విడిగా పర్మిషన్ కావాలి.